డ్రిల్లు నేర్పేవాళ్లు చాలామంది, చెవి జబ్బు చూపించేవాళ్లు కొద్దిమంది

చెవి జబ్బుల మీద శిక్షణ ఎక్కడ దొరుకుతుందని వెతికితే ముందు తగిలేవి డ్రిల్లింగ్ కోర్సులే. రెండు రోజులో మూడు రోజులో, మనిషికో ఎముక, ఒక మైక్రోస్కోపు, ఒక డ్రిల్లు, చివర్లో ఒక సర్టిఫికెట్. వాటి మీద నాకు చిన్నచూపేమీ లేదు. కణత ఎముకలో ముఖనాడి ఎక్కడ వంపు తిరుగుతుందో చేతికి తెలియనివాళ్లు బతికున్న మనిషి చెవి తెరవకూడదు. కాకపోతే ఆ కోర్సులో వచ్చేది చెవి నిర్మాణం మీద పట్టు, చేతికి నిదానం. జబ్బు గురించి అక్కడ తెలిసేది చాలా తక్కువ. బల్ల మీద బిగించిన ఎముక ఎవరిదో, ఆ మనిషికి ఎంతవరకు వినపడేదో, తల తిరిగేదో లేదో నేర్పేవాళ్లకీ తెలియదు.

జబ్బును చదవడం వేరే పని. బతికుండగా వినికిడి పరీక్షలు జరిగిన మనిషి చనిపోయాక ఆ చెవిని సన్నని ముక్కలుగా కోసి, పాత ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష గీత) పక్కన పెట్టుకుని, ఏది ఎంత చెడిందో మైక్రోస్కోపు కింద వెతకాలి. దీన్ని ఓటోపాథాలజీ అంటారు. ఇది మొదటి నుంచి చివరిదాకా నేర్పే చోట్లు ప్రపంచం మొత్తమ్మీద వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉన్నాయి. సర్జన్ కాబోయేవాళ్లయినా, ఆడియాలజిస్టులైనా, బయాలజీ చదివి పరిశోధన వైపు వచ్చినవాళ్లయినా, చెవి మీద నిజంగా ఆసక్తి ఉంటే కనీసం ఒక్క ఎముకనైనా మార్చురీ నుంచి స్లైడు దాకా వెంబడించే శిక్షణ వెతుక్కోవాలన్నది నా వాదన. పది డ్రిల్లింగ్ సర్టిఫికెట్లు చెప్పని సంగతులు ఆ ఒక్క ఎముక చెబుతుంది.

ఎందుకంత పట్టు అంటారా? లివర్ సంగతి తేల్చుకోవాలంటే సూది గుచ్చి చిన్న ముక్క తీస్తారు. కిడ్నీకీ అంతే, చర్మానికీ అంతే. లోపలి చెవికి ఆ వీలు లేదు. బళ్లో కర్ణావర్తం అని చదువుకున్నాం కదా, ఆ కాక్లియా ఒంట్లోకెల్లా గట్టి ఎముకలో పొదిగి ఉంటుంది. చుట్టలు విప్పి చాపితే పొడవు సుమారు 35 మిల్లీమీటర్లు. అందులో లోపలి వరుస వెంట్రుక కణాలు దాదాపు 3,500, బయటి వరుసల్లోవి దాదాపు 12,000. మనిషిలో ఇవి చస్తే మళ్లీ పుట్టవు. పరీక్ష కోసం అక్కడ ముక్క తీయబోతే లోపలి ద్రవాలు రెండూ కలిసిపోయి, మిగిలిన వినికిడి కాస్తా పోతుంది. సీటీ, ఎమ్మారైలు ఎంత పదునెక్కినా ఈ కణాలను విడివిడిగా చూపించలేవు. కాబట్టి మనిషి లోపలి చెవిలో జబ్బు ఏం చేసిందో కణం దాకా వెళ్లి చూడాలంటే, చనిపోయినవాళ్లు దానంగా ఇచ్చిన ఎముకలే దిక్కు.

ఈ రంగంలో నిలబడ్డ సంగతుల్లో చాలావాటికి మూలం అక్కడే ఉంది. 1861లో ఫ్రెంచి వైద్యుడు ప్రోస్పర్ మెనియేర్ కళ్లు తిరగడానికి మూలం మెదడులో కాదు, లోపలి చెవిలో ఉండొచ్చని చెప్పాడు. అక్కడ జరిగేదేమిటో కంటితో చూడటానికి ఇంకో 77 ఏళ్లు పట్టింది. 1938లో లండన్‌లో హాల్‌పైక్, కెయిర్న్స్, జపాన్‌లో యమకావా, ఎవరికి వారే, మెనియేర్ జబ్బు అని ఆయన పేరే పడ్డ ఆ బాధ ఉన్న రోగుల ఎముకలు కోసి, ఎండోలింఫ్ అనే లోపలి ద్రవం ఉండే గది ఉబ్బి ఉండటం చూశారు. అంకవన్నె ఎముక, అదే స్టేపిస్, కదలకుండా బిగుసుకుపోతే చాలాకాలం దాన్ని మధ్య చెవి వాపు మిగిల్చిన మచ్చ అనుకున్నారు. అది లోపలి చెవి ఎముక గోడలోనే పుట్టే ఓటోస్క్లెరోసిస్ అనే జబ్బని 1893లో పొలిట్జర్ తేల్చి చెప్పింది కూడా ఎముకలు చూశాకే. బెకెషీకి 1961లో నోబెల్ తెచ్చిపెట్టిన పని కూడా చనిపోయిన మనుషుల చెవుల మీద మొదలైందే. కాక్లియాలో వెండి రేణువులు చల్లి, స్ట్రోబ్ లైటు కింద అల ఎలా పాకుతుందో చూశాడాయన.

ఇదంతా పాత కథే కదా, ఇప్పుడు జన్యువుల కాలం కదా అనేవాళ్లకు ఒక కొత్త సంగతి. వయసుతో వచ్చే చెవుడును అమెరికా చెవి వైద్యుడు షుక్‌నెక్ట్ కొన్ని రకాలుగా విడదీశాడు. వెంట్రుక కణాలు పోయేది ఒకటి, నాడులు పోయేది ఇంకోటి, కాక్లియాకు బ్యాటరీలా పనిచేసే స్ట్రయా అనే పొర క్షీణించేది మరొకటి, ఇలా. ఆడియోగ్రామ్ గీత చదునుగా ఉంటే స్ట్రయా రకం అని దశాబ్దాలపాటు చదువుకున్నారు, చదివించారు. 2020లో బోస్టన్ బృందం ఒకటి 120 మానవ చెవుల్లో వెంట్రుక కణాలను ఇంకా నిక్కచ్చిగా లెక్కబెట్టి, వినికిడి తగ్గుదలకు సరిపోలేది ప్రధానంగా ఆ కణాల నష్టమేననీ, స్ట్రయా క్షీణత దాన్ని అంతగా వివరించదనీ చూపించింది. ఇందుకోసం వాళ్లు కొత్త ఎముకలు తెచ్చుకోలేదు. అరల్లో ఉన్న పాత స్లైడులనే మంచి ఆప్టిక్స్ కింద మళ్లీ చదివారు. అంత పెద్ద పాఠం తిరగబడింది లెక్కపెట్టే ఓపిక వల్ల. ఇలాంటి ఓపిక నేర్పే చోటే నాకు శిక్షణ అనిపిస్తుంది.

ఇక పని ఎలా ఉంటుందో చూద్దాం. శిక్షణ మంచిదో కాదో తూచడానికి ఈ వివరాలే తూకపురాళ్లు.

మొదటిది ఎముక తీయడం. చనిపోయిన 24 గంటల్లోపు జరగాలి, ఎంత ముందైతే అంత మేలు. శరీరాన్ని చల్లగా ఉంచితే కొంత నిలదొక్కుకుంటుంది. ఆలస్యమైతే ముందు చెదిరేవి బయటి వరుస వెంట్రుక కణాలు. తర్వాత వాటిని చూసినవాళ్లు జబ్బు వల్ల పోయాయా, ఆలస్యం వల్ల పోయాయా అని తేల్చుకోలేరు. కపాలం పైభాగం తెరిచి మెదడు తీశాక, లోపలి వైపు నుంచే డోలన రంపంతో నాలుగు కోతలు పెడతారు. మొదటిది ఎముక కొన దగ్గర, దాని గట్టుకు అడ్డంగా. రెండోది చెవి వెనకున్న మాస్టాయిడ్ ఎముక వైపు, మొదటిదానికి సమాంతరంగా. మూడోది ముందువైపు, గట్టుకు సమాంతరంగా. నాలుగోది వెనకవైపు నుంచి, వినికిడి, ముఖ నాడులు లోపలికి పోయే కన్నానికి బాగా కిందుగా, నేలకు సమాంతరంగా. గుండ్రటి రంపంతో బిరడాలాగా తీసే పద్ధతి ఇంకోటి ఉంది. అది త్వరగా అయిపోతుంది కాని, కేంద్రం కాస్త జరిగితే ఒకవైపు కర్ణభేరో, ఇంకోవైపు నాడుల కన్నమో తెగిపోతుంది.

కోతలు పూర్తయ్యాక అసలు పరీక్ష మొదలవుతుంది. ఎముక కదిలింది కదా అని మెలితిప్పి లాగితే కాక్లియా చుట్టూ ఉన్న గోడ పగులుతుంది, లేకపోతే ఎనిమిదో నాడి, అంటే వినికిడి నాడి, మొదలంటా ఊడి వస్తుంది. కింద పట్టుకుని ఉన్న కండరాన్నీ పొరల్నీ కత్తెరతో విడదీస్తూ, ఎముక దానంతట అది చేతికి వచ్చేదాకా ఆగాలి. తెగిన క్యారటిడ్ ధమని మొదలును ముడేయాలి లేదా మూసేయాలి. అది మరిచిపోతే తర్వాత శవాన్ని భద్రపరిచేవాళ్లు ఎక్కించే ద్రవమంతా అక్కడి నుంచి కారిపోతుంది. వాళ్లతో ఒకసారి మాట పోతే ఆ ఆసుపత్రి నుంచి ఇంకో ఎముక రావడం కష్టమే. లోపలి నుంచి తీస్తారు కాబట్టి బయటి చెవికి, ముఖానికి ఏ గుర్తూ పడదు. ఇంటివాళ్లు ముందు అడిగేది ఇదే. ఈ జవాబు సూటిగా, మర్యాదగా చెప్పడం కూడా శిక్షణలో భాగమే.

కుడి ఎముక మీద ఎడమ అని రాస్తే సరిదిద్దడం చాలా కష్టం. ఆడియోగ్రామ్‌లో కుడి చెవి బాగుండి ఎడమ చెవి చెడి ఉంటే ఏడాదిన్నర తర్వాత స్లైడు చూసినవాడు తలకిందులుగా రాసుకుంటాడు. అందుకే రెండు ఎముకలూ ఒకేసారి బల్ల మీద ఉండకూడదు. ఒకటి తీసి, సీసాలో వేసి, రాసి, మూత పెట్టాకే రెండోదాని మీద రంపం పెట్టాలి.

తర్వాత ఫిక్సేషన్, అంటే కణజాలం కుళ్లకుండా గట్టిపరచడం. 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్, ఎముకకు పది ఇరవై రెట్ల పరిమాణంలో. మధ్య చెవిలో గాలి బుడగ నిలిచిపోతే ద్రవం అండాకారపు కిటికీ దాకా, గుండ్రటి కిటికీ దాకా చేరదు. పైకి గట్టిపడ్డట్టే ఉంటుంది, లోపల కుళ్లుతూనే ఉంటుంది. గాలి బయటికి పోయేలా చూడాలి. భద్రత గురించి ఒక్క మాట: ఫార్మలిన్‌లో పడింది కదా అని ధీమా పడకూడదు. జబ్బు పుట్టించే ప్రియాన్లు అనే ప్రోటీన్లు దానికి చావవు. వాటివల్ల మెదడుకు వచ్చే క్రూట్జ్‌ఫెల్ట్-యాకబ్ జబ్బు అనుమానం ఉన్న దాతల ఎముకలను మామూలు ల్యాబు ముట్టుకోకపోవడమే మంచిది.

ఆపైన సున్నం తీయడం, డీకాల్సిఫికేషన్. ఇక్కడే తొందర కొంప ముంచుతుంది. సున్నాన్ని మెల్లగా లాగే ఈడీటీఏ అనే రసాయనం 0.27 మోలార్, అంటే ఇంచుమించు 10 శాతం ద్రావణం, పీహెచ్ 7.2 నుంచి 7.4 మధ్య. ద్రావణం మారుస్తూ నెలలకు నెలలు ఉంచాలి. తొమ్మిది నెలలు పట్టినా ఆశ్చర్యం లేదు. 5 శాతం ట్రైక్లోరోఎసిటిక్ యాసిడ్ అయితే వారాల్లో అయిపోతుంది. కాని ఆమ్లంలో ఎక్కువసేపు ఉన్న కణాల కేంద్రకాలు రంగు పట్టవు, తర్వాత ప్రోటీన్ల మీద యాంటీబాడీలు వేసి చూద్దామంటే అవీ సరిగా అతకవు. పూర్తయిందో లేదో ఎక్స్‌రే తీసి చూస్తారు. తెల్లటి మచ్చ ఒక్కటి మిగిలినా బ్లేడు అక్కడ ఎగిరి, ముక్క పొడవునా గీతలు పడతాయి. ఆ గీత వెంట్రుక కణాలుండే ఆర్గాన్ ఆఫ్ కోర్టి మీదుగా పోయిందంటే ఇన్నాళ్ల కష్టం వృథా.

పారఫిన్ మైనంలో ఎందుకు పొదగరు, ప్రతి పాథాలజీ ల్యాబులోనూ అదే కదా అని అడుగుతారు. లోపలి చెవి అంటే ద్రవం నిండిన ఖాళీ గదుల్లో వేలాడే పలచని పొరలు. మైనం కోసం 60 డిగ్రీల వేడి చూపిస్తే పొరలు కుంచించుకుని ఎముక అంచుల దగ్గర చిరుగుతాయి. దాని బదులు వాడే సెల్లాయిడిన్‌కు వేడి అక్కర్లేదు. ఆల్కహాల్‌లో నీరు తీసేశాక 1.5, 3, 6, 12 శాతం చొప్పున చిక్కబరుస్తూ మూడు నెలల దాకా నానబెడతారు. తర్వాత క్లోరోఫామ్ ఆవిరితో గట్టిపరుస్తారు. సెల్లాయిడిన్ అంటే నైట్రోసెల్యులోజే. ఎండిపోతే భగ్గుమంటుంది. సీసా మూతలు వదులుగా పెట్టే ల్యాబులో ఎవరూ శిక్షణ తీసుకోకూడదు. మైనం వాడేవాళ్లను తప్పుపట్టను. యాంటీబాడీ పనికి అది సులువు, వేగం. కాని పొరల ఆకారం మీద తీర్పు చెప్పాలంటే సెల్లాయిడిన్‌ను మించింది లేదు.

కోత 20 మైక్రాన్ల మందం, నేలకు సమాంతరమైన తలంలో. ఒక ఎముకకు 400 నుంచి 500 ముక్కలు. కోస్తున్నంతసేపూ బ్లేడు, దిమ్మ 80 శాతం ఆల్కహాల్‌తో తడిగా ఉండాలి. ప్రతి ముక్కనూ అంకె వేసిన పలచని కాగితం మీద పరిచి, వరస తప్పకుండా పేర్చాలి. వాటిలో పదింట ఒకటి హిమాటాక్సిలిన్, ఈయోసిన్ రంగులు వేసి స్లైడుగా చేస్తారు. మిగతా తొమ్మిదీ సీసాలో నిల్వ. దిమ్మను బిగించేటప్పుడు కాస్త వాలితే కాక్లియా మధ్యస్తంభం ఏటవాలుగా తెగుతుంది. అప్పుడు చుట్టల అంచుల దగ్గర ఆర్గాన్ ఆఫ్ కోర్టి పక్కవాటుగా కోతకు వచ్చి కణాలు లేనట్టే కనపడుతుంది. మొత్తం మీద మార్చురీ నుంచి మైక్రోస్కోపు దాకా ఏడాది, ఏడాదిన్నర.

ఇప్పుడు చదవడం. కొత్తగా వచ్చినవాళ్లకు ముందు నేర్పాల్సింది జబ్బుల పేర్లు కావు, జబ్బులా కనపడే తప్పులు. ఎండోలింఫ్ గదికి కప్పులా ఉండే రెయిస్నర్ పొర ఉబ్బి కనిపించగానే మెనియేర్ అని రాసేస్తారు. నిజంగా లోపలి ఒత్తిడి వల్ల ఉబ్బిన పొర బిగుతుగా, విల్లులా వంగి ఉంటుంది. తయారీలో జరిగిన తప్పయితే ముడతలు పడి, అలలు అలలుగా జారినట్టుంటుంది. గుండ్రటి కిటికీ గూడు నుంచి వెనక అర్ధవర్తుల కుల్య వైపు పోయే సన్నని పగులు చూసి ద్రవం కారిన దారి దొరికిందనుకుంటారు. అది పెద్దవాళ్ల చెవుల్లో చాలా మామూలు. అండాకారపు కిటికీకి కొంచెం ముందు మెత్తటి కణజాలం నిండిన చిన్న చీలిక ప్రతి చెవిలోనూ ఉంటుంది. ఓటోస్క్లెరోసిస్ మొదలయ్యే చోటు కూడా సరిగ్గా దాని చుట్టుపక్కలే. మామూలు చీలిక వంద చెవుల్లో చూసినవాడికే నూట ఒకటో చెవిలో జబ్బు కనపడుతుంది.

ఆ వంద మామూలు చెవుల సంగతే అసలు కీలకం. మెనియేర్ రోగులందరి చెవుల్లోనూ ఉబ్బు ఉందని చూసినవాళ్లు, ఉబ్బే మెనియేర్ అని తేల్చారు. తర్వాత రోగి చరిత్ర తెలియకుండా స్లైడులు, స్లైడులు చూడకుండా చరిత్రలు చదివిన పరిశోధనలో, జీవితంలో ఒక్కసారీ తల తిరగనివాళ్ల చెవుల్లోనూ ఉబ్బు కనిపించింది. ఉబ్బు కారణమా, ఏదో చెడిందనడానికి గుర్తు మాత్రమేనా అన్న ప్రశ్న అక్కడ పుట్టింది. ఇలాంటిదే ఇంకోటి. పడక మీద పక్కకు తిరిగితే తల గిర్రున తిరిగే జబ్బుకు, వెనక కుల్యలోని కుప్యులా అనే జెల్లీ లాంటి పొర మీద అతుక్కున్న నీలపు రేణువులే కారణమని 1969లో షుక్‌నెక్ట్ ప్రతిపాదించాడు. అలాంటి రేణువులు ఏ బాధా లేనివాళ్లలోనూ ఉన్నాయని తర్వాత తేలింది. ఇప్పుడు ఎక్కువమందిలో కుల్యలో తేలుతూ జారే రేణువులను కారణంగా చూస్తారు. 1992లో ఎప్లీ ప్రచురించిన తల తిప్పే చికిత్స పనిచేసేది ఆ లెక్క మీదే. అందుకే శిక్షణ ఇచ్చే చోట మొదటి వారం పేర్లు, చరిత్రలు దాచేసి స్లైడులు ఇస్తున్నారా లేదా అని చూడండి. ముందే "ఇది ఫలానా రోగిది" అని చెప్పి చూపిస్తే కన్ను అబద్ధం నేర్చుకుంటుంది.

లెక్క కూడా చేత్తో చేసి చూడాలి. నాడీకణాల సంఖ్య కావాలంటే ప్రతి స్లైడులో, కాక్లియా మధ్యస్తంభంలోని రోసెంథాల్ కాలువలో ఉండే కణాల న్యూక్లియోలస్‌లను (కేంద్రకంలోని చుక్కలను) లెక్కబెడతారు, కణం అంచులను కాదు. అలా అన్ని స్లైడుల్లో కలిపి 1,500 వచ్చాయనుకుందాం. పదింట ఒకటే రంగు వేశాం కాబట్టి పదితో హెచ్చిస్తే 15,000. ముక్క మందం 20 మైక్రాన్లు, న్యూక్లియోలస్ వ్యాసం దాదాపు 2 మైక్రాన్లు. అంచున తెగిన న్యూక్లియోలస్ పక్క ముక్కలోనూ కనపడి రెండుసార్లు లెక్కకు వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి, 20ని 22తో భాగిస్తే వచ్చే 0.9తో హెచ్చించాలి. చివరికి 13,500. చిన్న వయసులో ఇవి ముప్పై వేల పైచిలుకు ఉంటాయి. కాబట్టి ఈ చెవిలో సగానికి పైగా పోయాయి. కేంద్రకం వ్యాసం తీసుకుని న్యూక్లియోలస్‌ను లెక్కపెట్టడం, లేదా అటుది ఇటు చేయడం మామూలుగా జరిగే పొరపాటు. అంకె అందంగానే వస్తుంది, తప్పని ఎవరికీ అనుమానం రాదు.

వినపడనివాళ్లకు కాక్లియాలో పెట్టే కాక్లియర్ ఇంప్లాంట్ల విషయంలో ఈ లెక్క ఎంత దూరం పోతుందో చూడండి. ఇంప్లాంట్ పెట్టుకుని చనిపోయినవాళ్ల చెవుల్లో మిగిలిన నాడీకణాలకూ, బతికుండగా వాళ్లకు మాటలు ఎంత బాగా అర్థమయ్యేవన్నదానికీ పొంతన కుదరలేదని మొదట్లో వచ్చిన పరిశోధనలు చెప్పాయి. మనిషికీ మనిషికీ భాష, వయసు, మెదడు వేరు కదా. రెండు చెవులకూ ఇంప్లాంట్ ఉన్న ఒకే మనిషిలో ఒక చెవిని ఇంకో చెవితో పోల్చి చూసిన 2014 పరిశోధనలో పొంతన బయటపడింది. కణాలు ఎక్కువ మిగిలిన చెవికే మాట బాగా తెలిసేది. చేసింది కొద్దిమంది మీదే, కాని పోల్చిన తీరు తెలివైంది. ఇలాంటి తెలివి ఎముకలతో కాలం గడిపితేనే వస్తుంది.

ఎక్కడ నేర్చుకోవాలి? అమెరికాలో చెవుడు, మాట సమస్యల మీద పరిశోధన చూసే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐడీసీడీ 1992లో కణత ఎముకల జాతీయ రిజిస్ట్రీని నెలకొల్పింది. బోస్టన్‌లోని మాస్ ఐ అండ్ ఇయర్ దాని కేంద్రం. అక్కడి ల్యాబుతో పాటు మిన్నెసోటా విశ్వవిద్యాలయం, యూసీఎల్‌ఏ, జాన్స్ హాప్కిన్స్‌లలో పెద్ద పాత సేకరణలున్నాయి. బయటి దేశాల పరిశోధకులు వచ్చి ఉండి చదువుకోవడం ఈ తరహా ల్యాబుల్లో కొత్తేమీ కాదు. డబ్బు దగ్గర మాత్రం జాగ్రత్త. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ ఇచ్చే టీ32 శిక్షణ గ్రాంటు అమెరికా పౌరులకు, శాశ్వత నివాసులకే. మిగతావాళ్లు సొంత దేశపు ఫెలోషిప్పు మీదనో, ల్యాబు సొంత నిధుల మీదనో వెళ్లాలి. ఏటా జరిగే అసోసియేషన్ ఫర్ రీసెర్చ్ ఇన్ ఓటోలారింగాలజీ మిడ్‌వింటర్ సమావేశానికి విద్యార్థులకు ప్రయాణ సాయం దొరుకుతుంది. ల్యాబు పెద్దలను ముఖాముఖి అడగడానికి అదే మంచి చోటు. ఈమెయిల్లో "అవకాశం ఇప్పించండి" అని రాసే బదులు "మీ సేకరణలో ఫలానా జబ్బు చెవులు ఎన్ని ఉన్నాయి, వాటిలో చావుకు ఏడాదిలోపు ఆడియోగ్రామ్ ఉన్నవెన్ని" అని రాస్తే జవాబు వచ్చే ఆశ ఉంది.

ఎంతకాలం ఉండాలన్నదానికి నా లెక్క ఇది. వారం ఉంటే తయారైన స్లైడులు చదవడం మొదలుపెట్టగలరు, అంతే. మూడు నెలలుంటే ఒక జబ్బు మీద, ముందే ఉన్న స్లైడులతో ఒక ప్రశ్నకు జవాబు రాబట్టొచ్చు. ఎముక తీయడం నుంచి స్లైడు దాకా మొత్తం గొలుసు పట్టుబడాలంటే కనీసం ఏడాదైనా ఉండాలి. ఏడాదిలో మీరు తీసిన ఎముక మీ చేతికి స్లైడుగా రాకపోవచ్చు కాని, ఒక్కో దశలో ఉన్న వేరువేరు ఎముకల మీద అన్ని దశలూ చేయొచ్చు. "మూడు రోజుల్లో ఓటోపాథాలజీ" అని ఎవరైనా అంటే, ఆ మూడు రోజుల్లో సున్నం కూడా కరగదని గుర్తుంచుకోండి.

అందరూ పట్టించుకోని శిక్షణ ఒకటుంది, టెక్నీషియన్లది. సెల్లాయిడిన్ దిమ్మను జారుడు మైక్రోటోమ్ (ముక్కలు కోసే యంత్రం) మీద చిరగకుండా కోయగలిగేవాళ్లు కొద్దిమందే. వాళ్లు రిటైరైతే ల్యాబు సగం ఆగిపోతుంది, డాక్టర్లు ఎంతమంది ఉన్నా. పెద్ద బ్లేడు పదును, దిమ్మ తడి, చెయ్యి లాగే వేగం, ఈ మూడూ రాసిపెట్టిన ప్రోటోకాల్‌తో రావు. పక్కన నిలబడి నేర్చుకోవాలి. ల్యాబుకు వెళ్లే డాక్టర్లు ప్రొఫెసర్ వెంట తిరుగుతారు. నా సలహా, మొదటి నెల టెక్నీషియన్ బల్ల దగ్గర స్టూలు వేసుకోండి. ఏ స్లైడులో ఏ తప్పు ఎందుకు వచ్చిందో ముందుగా తెలిసేది అక్కడే.

డ్రిల్లింగ్ కోర్సు వద్దనడం లేదు, దానికి సిద్ధమై వెళ్లండి. విజిబుల్ ఇయర్ సిమ్యులేటర్ అని డెన్మార్క్ నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ ఉచితం. నిజమైన మనిషి చెవిని గడ్డకట్టించి కోసిన ముక్కల బొమ్మలతో కట్టింది. దాని మీద ఒకే రోజు పన్నెండుసార్లు చేయడం కన్నా, రోజులు విడిచి విడిచి చేస్తే చెయ్యి బాగా నిలుస్తుంది. అసలు ఎముక మీద పెద్ద కటింగ్ బర్ (డ్రిల్లు మొన)తో మొదలుపెట్టి, టెగ్మెన్ అనే పైకప్పు పలక, సిగ్మాయిడ్ సిర పలక, పక్క అర్ధవర్తుల కుల్య, దాగలి ఎముక పొట్టి కొమ్ము, ఈ వరస కనపడ్డాకే ముఖనాడి జోలికి పోవాలి. అక్కడికి వచ్చాక డైమండ్ బర్, ధారగా నీళ్లు, నాడి పొడవునా కదలిక. అడ్డంగా లాగితే తెగుతుంది. నీళ్లు తగ్గితే బర్ తగలకపోయినా వేడికి నాడి కమిలిపోతుంది. ఎముకలో గులాబీ రంగు గీత కనపడగానే ఆగాలి. త్రీడీ ప్రింట్ ఎముకలు మొదటి రెండు రోజులకు బాగానే పనికొస్తాయి, కాని మెత్తటి పొరల తీరు వాటిలో రాదు.

చుంచెలుక కాక్లియా మీద పనిచేయడం కూడా శిక్షణే, చేతికి మంచి అలవాటు. పొడవు 6 మిల్లీమీటర్లే. దాన్ని చిరగకుండా విప్పగలిగితే మనిషిది విప్పడానికి ధైర్యం వస్తుంది. అయితే రెండు మూడేళ్లు బతికే ప్రాణిలో, 1 నుంచి 100 కిలోహెర్ట్జ్ దాకా వినే చెవిలో చూసింది, ఎనభై ఏళ్ల చెవికి నేరుగా అతకదు. వెంట్రుక కణాలు నిలిచి ఉన్నా వాటికీ నాడులకీ మధ్య అతుకులు పోతాయన్న సంగతిని 2009లో చుంచెలుకల్లో చూశారు. మనిషిలోనూ అలా జరుగుతుందని చెప్పాలంటే మళ్లీ ఎముకల దగ్గరికే రావలసి వచ్చింది.

ప్రాథమిక స్థాయిలో పనిచేసేవాళ్లకు ఇదంతా అక్కర్లేదు. 2021 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఏదో ఒక స్థాయి వినికిడి లోపం ఉన్నవాళ్లు 150 కోట్లు, వాళ్లలో 43 కోట్లమందికి వైద్యమో సాధనమో కావాలి. ఆ సంస్థే 2023లో తెచ్చిన ప్రాథమిక చెవి, వినికిడి సంరక్షణ శిక్షణ మాన్యువల్ ఉచితంగా దొరుకుతుంది. ఓటోస్కోపు పట్టుకునేవాళ్లకు నేను చేర్చేది ఒక్కటే. చీము కారే చెవిలో కర్ణభేరి కింది భాగంతో తృప్తిపడకండి. పైన అట్టిక్ అనే భాగం దగ్గర గోధుమరంగు పొక్కు ఉంటే దాన్ని తీసి శుభ్రం చేసేదాకా పరీక్ష అయినట్టు కాదు. ఎముకను తినేసే చర్మపు పెరుగుదల, కొలెస్టియటోమా, చాలాసార్లు దాక్కునేది ఆ పొక్కు వెనకే.

చివరగా, ల్యాబు ఎంచుకునేటప్పుడు ప్రచురణల సంఖ్య, గోడ మీది ఫొటోలు చూడొద్దు. నిల్వ గది చూపించమని అడగండి. రంగు వేయని ఆ తొమ్మిదేసి ముక్కలున్న సీసాలు ఎక్కడున్నాయో చూడండి. రేపు ఎవరైనా కొత్త యాంటీబాడీ వేయాలన్నా, డీఎన్‌ఏ తీయాలన్నా ఉపయోగపడేవి అవే, రంగు వేసిన పదోది కాదు. ఒక సీసా దించి వెలుతురుకు పట్టండి. ముక్కలన్నీ 80 శాతం ఆల్కహాల్‌లో మునిగి ఉన్నాయా, కాగితాల మీది అంకెలు చదవగలిగేలా ఉన్నాయా, ఆల్కహాల్ చివరిసారి ఎప్పుడు నింపారో మూత మీద తేదీ ఉందా? తేదీ ఉంటే, అది ఈ ఏడాదిదే అయితే, అక్కడ చేరండి.